అడుగులు, గుండె వేగం, బరువు: వీటి సంబంధం ఏ గ్రాఫ్‌లో కనిపిస్తుంది?

వాచీలో నమోదయ్యే అడుగులు, గుండె వేగం, నిద్ర, బరువుల మధ్య సంబంధాన్ని గ్రాఫ్ గీసి తెలుసుకోవచ్చా అని అడిగారు. తప్పకుండా తెలుసుకోవచ్చు, అయితే ఫోన్‌లో యాప్ గీసి ఇచ్చే గ్రాఫ్‌తో మాత్రం కాదు. అది ప్రతి కొలతనూ తేదీల వారీగా విడివిడి గీతలుగా చూపించి ఊరుకుంటుంది. తేదీని పక్కన పెట్టి, ఒక కొలతను అడ్డంగా, రెండోదాన్ని నిలువుగా తీసుకుని, రోజుకొక చుక్క పెట్టుకుంటూ పోవాలి. ఎక్సెల్‌లో స్కాటర్ అనే పేరుతో ఉండేది ఇదే.

విజయవాడలో తెల్లవారుజామున నడిచే అలవాటు నాది. ఒక మే నెలలో మా బావగారు నా వాచీ లెక్కలు తిరగేసి, జనవరిలో కంటే నిదానంగా నడుస్తున్నా గుండె ఎక్కువగా కొట్టుకుంటోంది కనుక నడక నాకు పడడం లేదని తేల్చేశారు. ఆ సాయంత్రమే నడక వేగాన్ని అడ్డంగా, సగటు గుండె వేగాన్ని నిలువుగా పెట్టి చుక్కలు వేశాను. ఆయన మాటకు సాక్ష్యం చెబుతున్నట్టు చుక్కల గుంపు కుడివైపు కిందికి వాలింది. నెమ్మదిగా నడిచినకొద్దీ గుండె వేగం పెరగడం నమ్మదగినదిగా లేదు కనుక, డిసెంబరు, జనవరి చుక్కలకు నీలం, ఏప్రిల్, మే చుక్కలకు ఎరుపు రంగు ఇచ్చి చూశాను. గుంపు రెండుగా విడిపోయింది. రెండూ కుడివైపు పైకే ఎక్కుతున్నాయి, కాకపోతే ఎర్రవి మొత్తంగా ఒక మెట్టు ఎత్తున ఉన్నాయి. ఎండాకాలంలో ఒంటి వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు ఎక్కువగా మళ్లుతుంది. చెమటతో నీరు పోయి రక్త పరిమాణం తగ్గుతుంది. ఒక్కో స్పందనలో తగ్గిన రక్తాన్ని గుండె వేగంతో భర్తీ చేసుకుంటుంది. మా ఊరి ఉక్కపోతలో చెమట ఆరదు కనుక, సూర్యోదయానికి ముందు కూడా ఇది తప్పదు. విడి గుంపుల్లో ఒక దిశలో ఉన్న సంబంధం వాటిని కలిపితే తిరగబడడాన్ని గణాంక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో వివరించాడు. రంగుల గ్రాఫ్ చూపిస్తే, "అయితే ఏసీ గదిలో ట్రెడ్‌మిల్ పెట్టుకో" అన్నారు బావగారు.

మూడో కొలతను రంగుగా చేర్చని గ్రాఫ్‌ను నేను నమ్మను. నిద్ర గంటలకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఇవాళ్టి అడుగులకు ఎదురుగా రేపటి బరువును పెట్టడం మాత్రం దండగ. తిన్న పిండిపదార్థాలను శరీరం గ్లైకోజెన్‌గా నిల్వ చేసుకుంటుంది, దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీరు చేరుతుంది. పెళ్లిభోజనం మర్నాడు తూకంలో పెరిగేది ఎక్కువగా నీరే. వారం సగటులను పోల్చితే కాస్త అర్థం కనిపిస్తుంది.

ఇదంతా చేయాలంటే లెక్కలు మన చేతికి రావాలి. నా గుండె కొట్టుకున్న లెక్కను నాకే ఫైలుగా ఇవ్వడానికి చందా అడిగే కంపెనీల తీరు చూస్తే ఒళ్లు మండుతుంది. సీఎస్‌వీ ఫైలు, అంటే ఎక్సెల్‌లో తెరుచుకునే అంకెల పట్టిక, ఇవ్వని వాచీని ఎంత చవకగా వచ్చినా కొనవద్దు. ఇప్పటికే కొని ఉంటే, రోజూ రాత్రి నాలుగు అంకెలు నోటుపుస్తకంలో రాసుకోండి. చుక్కలు పెట్టడానికి గ్రాఫ్ కాగితం చాలు.