సమయోజనీయమా, సంయోజనీయమా?

సందేహం: జీవశాస్త్రం తొలి పాఠాల్లో పరమాణువుల మధ్య బంధాల గురించి చదువుతుంటే ఒక పుస్తకంలో ‘సమయోజనీయ బంధం’ అనీ, ఇంకోదానిలో ‘సంయోజనీయ బంధం’ అనీ ఉంది. రెండింట్లో ఒకటి అచ్చుతప్పా? పనిలో పనిగా ఇంకోటి: అణుబాంబులో పగిలేది అణువా, పరమాణువా?

సమాధానం: అచ్చుతప్పు కాదు. రెండూ వాడుకలో ఉన్నాయి, కానీ పుట్టుక వేరు. ‘సం’ ఉపసర్గ. యకారం ముందు అది సున్నాతోనే నిలుస్తుంది: సంయోగం, సంయమనం, సంయుక్తం. కాబట్టి ‘సమయోజనీయ’లో ఉన్నది ఆ ఉపసర్గ కాదు, ‘సమ’ అనే విడి మాట. చివర ఉన్న ‘అనీయ’కు ‘తగిన’ అని అర్థం, ఖండనీయంలో లాగా.

నా ఓటు ‘సమయోజనీయ’కే. ఉప్పు సంగతి చూడండి. సోడియం తన ఎలక్ట్రాన్ ఒకటి క్లోరిన్‌కు ఇచ్చేస్తుంది. దాంతో ఒకటి ధనావేశం, రెండోది ఋణావేశం పొంది ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అది అయానిక బంధం. అదీ కలయికే, అదీ సంయోగమే! ‘సంయోజనీయ’ అంటే ‘కలపదగిన’ అని మాత్రమే కనుక ఏ బంధానికైనా చెల్లుతుంది. పైగా వేలన్సీని (ఒక పరమాణువు ఇతర పరమాణువులతో కలిసే సామర్థ్యాన్ని) ‘సంయోజకత’ అంటున్నాం, ఆ గందరగోళం ఒకటి. సమయోజనీయ బంధంలో విశేషమల్లా ఎలక్ట్రాన్ల జంట రెండు పరమాణువులకూ ఉమ్మడిగా ఉండటం. 1916లో అమెరికా రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ లూయిస్ చెప్పింది ఈ ఉమ్మడి జంట గురించే. 1919లో మరో రసాయన శాస్త్రవేత్త లాంగ్‌మ్యూర్ దాన్నే ఇంగ్లీషులో ‘కోవేలన్స్’ అన్నాడు. ఆ ‘కో’కు ‘కూడి’ అని అర్థం. హిందీలో ‘సహసంయోజక’ అన్నారు. నిజానికి ‘సహ’ మన ‘సమ’ కన్నా బాగా అతికింది.

ఎందుకంటే ‘సమ’ అనగానే సరిసమానంగా పంచుకోవడం అనిపిస్తుంది. నీటి దగ్గర అది కుదరదు. ఉమ్మడి జంటను ఆక్సిజన్ తనవైపు గట్టిగా లాగుతుంది. పాలింగ్ కొలమానంలో ఆక్సిజన్ ఋణవిద్యుదాత్మకత (అంటే అలా లాగే శక్తి) 3.44, హైడ్రోజన్‌ది 2.20. అందుకే ఆక్సిజన్ వైపు కొద్దిగా ఋణావేశం, హైడ్రోజన్ల వైపు కొద్దిగా ధనావేశం చేరతాయి. ఒక నీటి అణువులోని హైడ్రోజన్ పక్క అణువులోని ఆక్సిజన్ వైపు మొగ్గుతుంది. దీన్నే హైడ్రోజన్ బంధం అంటారు. (పేరు చూసి రెండు హైడ్రోజన్లు కలిసేదనుకుంటారు కొందరు. వాటిని కలిపేది సమయోజనీయ బంధమే.) డీఎన్‌ఏలో రెండు పోగులను కలిపి ఉంచేవీ ఈ హైడ్రోజన్ బంధాలే. ఆ పంపకం నిజంగా సమానమైతే నీటికి ఈ గుణమే ఉండేది కాదు. అందుకని ఈ ‘సమ’ను ‘సమకాలీనులు’లో లాగా ‘ఒకే’ అనే అర్థంలో తీసుకోండి. సమకాలీనులంటే ఒకే కాలంలో ఉన్నవారు, కాలాన్ని చెరిసగం పంచుకున్నవారు కాదు కదా!

ఇక బాంబు మాట. వైశేషికులకు (మన ప్రాచీన దర్శనాల్లో ఒకదానివారికి) విడగొట్టలేనిది పరమాణువు, రెండు కలిస్తే ద్వ్యణుకం. ఇప్పటి రసాయనశాస్త్రంలో పరమాణువులు బంధాలతో కలిస్తే అణువు. బాంబులో పగిలేది పరమాణు కేంద్రకం. అయినా ‘అణుమాత్రం’లో లాగా అణువుకు ‘అతి చిన్నది’ అనే పాత అర్థం ఉంది కాబట్టి ‘అణుబాంబు’ తప్పు కాదు, నిక్షేపంగా వాడండి. పరీక్షలో మాత్రం ‘నీటి పరమాణువు’ అని రాయకండి, మార్కులు పోతాయి.