థీసిసా, పరీక్షా? తేల్చేది మొదటి ఏడాదే

ప్రశ్న: నేను బీఎస్సీ చదివాను. అమెరికాలో కమ్యూనికేషన్ స్టడీస్ ఎం.ఏ. చేయాలని ఉంది. ఏమేం చదవాలి? చివర్లో థీసిస్ రాయాలా, పరీక్ష రాయాలా?

జవాబు: ఇది జర్నలిజం కోర్సు కాదు. వార్తలు రాయడం, కెమెరా పట్టడం ఇందులో ప్రధానం కావు. ఇద్దరి మధ్య, సంస్థల్లో, మీడియాలో, సభల్లో మాట ఎలా పనిచేస్తుందో పరిశోధించే చదువు. అందుకే బీఎస్సీ వాళ్లకూ సీటు వస్తుంది. కొన్ని విభాగాలు మాత్రం ముందు ఒకటి రెండు డిగ్రీ స్థాయి కోర్సులు చేయమంటాయి. వాటి క్రెడిట్లు ఎం.ఏ. లెక్కలోకి రావు కాబట్టి ఫీజు కట్టేముందే అడగండి.

మామూలుగా 30 నుంచి 36 క్రెడిట్లు, కోర్సుకు 3. సెమిస్టరుకు 9 చొప్పున తీసుకుంటే రెండేళ్లలో పూర్తవుతుంది. సగటు గ్రేడు 4కి 3.0 కంటే తగ్గకూడదు. థియరీ కోర్సులు, మెథడ్స్ (పరిశోధన పద్ధతుల) కోర్సులు తప్పనిసరి. మిగతావి మీ ఇష్టం.

అసలు కీలకం మెథడ్స్‌లో ఉంది. సర్వేలు, ప్రయోగాలు చేసే గణాంక పద్ధతి ఒకటి. ఇంటర్వ్యూలు, క్షేత్ర పరిశీలనతో సాగే గుణాత్మక పద్ధతి ఒకటి. ప్రసంగాలను, పాఠాలను విశ్లేషించే రెటారికల్ క్రిటిసిజం మరొకటి. వీటిని రెండో ఏడాదికి వాయిదా వేస్తే థీసిస్ దారి దాదాపు మూసుకుపోయినట్టే. పద్ధతి తెలియకుండా ప్రతిపాదన రాయలేరు, దానికి కమిటీ ఒప్పుకోకుండా పని మొదలవదు. పైగా మనుషుల నుంచి సమాచారం తీసుకోవాలంటే యూనివర్సిటీ ఐఆర్‌బీ (మనుషులపై చేసే పరిశోధనలను నైతికంగా సమీక్షించే మండలి) అనుమతి ముందే ఉండాలి. అనుమతికి ముందు చేసిన ఇంటర్వ్యూలను తర్వాత వాడుకోనివ్వరు.

పీహెచ్‌డీ ఆలోచన ఉంటే థీసిస్ రాయండి. దానికి సాధారణంగా 6 క్రెడిట్లు, ముగ్గురు అధ్యాపకుల కమిటీ, చివర మౌఖిక పరీక్ష ఉంటాయి. ఉద్యోగమే లక్ష్యమైతే పరీక్ష చాలు. అయితే అది తేలికని అనుకోవద్దు. సిద్ధాంతాలను అప్పజెప్పేవాళ్లే ఎక్కువగా తప్పుతారు. మెక్‌కూంబ్స్, షా అనే పరిశోధకులు 1972లో ప్రచురించిన అజెండా సెట్టింగ్ (ఏ అంశాలు ముఖ్యమో జనానికి మీడియా సూచిస్తుందనే సిద్ధాంతం) అధ్యయనమే తీసుకోండి. 1968 ఎన్నికల్లో ఎవరికి వేయాలో తేల్చుకోని 100 మంది ఓటర్లను అడిగి, వాళ్లు ముఖ్యమన్న అంశాలను మీడియా ప్రాధాన్యమిచ్చిన అంశాలతో పోల్చారు. ఇంతవరకు రాస్తే సగం జవాబే. రెండూ కలిసి నడిచాయని అది చూపింది కానీ, ఏది కారణమో ఒంటరిగా నిరూపించలేదు. ఆ లోటు తీరాలంటే ఎలాంటి పరిశోధన కావాలి? పరీక్షలో అడిగేది అదే.

ప్రశ్న: థీసిస్ కోసం రెండు రకాల ఆరోగ్య సందేశాలను రెండు గుంపులకు చూపించి పోలుస్తున్నాను. మొత్తం 40 మంది చాలా?

జవాబు: చాలరు. గుంపుల మధ్య తేడా మధ్యస్థంగా ఉందనుకున్నా (తేడా పరిమాణాన్ని కొలిచే కోహెన్ డి విలువ 0.5), 5 శాతం స్థాయిలో (అంటే తేడా లేకున్నా ఉందని పొరబడే అవకాశాన్ని 5 శాతానికి పరిమితం చేసి) దాన్ని పట్టుకునే అవకాశం 80 శాతం ఉండాలంటే గుంపుకు 64 మంది, మొత్తం 128 మంది కావాలి. గుంపుకు 20 మందే అయితే ఆ అవకాశం మూడింట ఒక వంతుకు పడిపోతుంది. అప్పుడు ఫలితం రాకపోతే సందేశాల్లో తేడా లేదో, మనుషులు చాలలేదో మీరూ చెప్పలేరు, కమిటీ ఎదుట సమర్థించుకోనూ లేరు. ఈ లెక్క జీపవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. ఆ అంకెలను ప్రతిపాదనలోనే చూపండి.

ఇతరుల స్కేలు (ఒకే విషయాన్ని కొలిచే ప్రశ్నల జాబితా) వాడుతుంటే, వాళ్ల నమూనాలో వచ్చిన క్రాన్‌బాక్ ఆల్ఫాను (ఆ ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతాయో చెప్పే అంకె) రాసి ఊరుకోవద్దు. మీ నమూనాలో మళ్లీ లెక్కించండి. 0.70కి తగ్గితే తిరగేసి అడిగిన ప్రశ్నల మార్కులను తిప్పి వేశారో లేదో ముందు చూడండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. మధ్యలో వదిలేసేవాళ్లు, చదవకుండా టిక్ పెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు కనుక 150 మంది దాకా తీసుకునేలా ఐఆర్‌బీ దరఖాస్తు నింపండి. అనుమతించిన సంఖ్య దాటాలంటే మళ్లీ సవరణ దరఖాస్తు పెట్టుకోవాల్సి వస్తుంది.