ఇస్లాం స్వీకరించిన అమెరికన్ జాజ్ కళాకారులకు ఇంట్లోవాళ్ళతో, సంగీతంతో ఘర్షణ రాలేదా?

మతం, కుటుంబం, సంగీతం మూడింటిలో ఏదో ఒకటి వాళ్ళు వదులుకోక తప్పలేదన్న నమ్మకంతో ఈ ప్రశ్న అడిగినట్లున్నారు. ఫిలడెల్ఫియాలో చాలాకాలంగా ఉంటున్న గుంటూరు ముస్లింగా నేను దీన్ని ఒప్పుకోను. వాళ్ళకు పేచీ వచ్చింది సంగీతంతో కాదు, సంగీతం అమ్ముడుపోయే చోటుతో, అంటే మద్యం పోసే క్లబ్బులతో.

పిట్స్‌బర్గ్‌లో ఫ్రెడరిక్ జోన్స్‌గా పుట్టి, యౌవనంలో ఇస్లాం పుచ్చుకున్న పియానిస్టు అహ్మద్ జమాల్ 1958లో షికాగోలోని పెర్షింగ్ హోటల్లో రికార్డు చేసిన ఆల్బం విపరీతంగా అమ్ముడుపోతే, ఆ తర్వాత అదే ఊళ్ళో అల్‌హంబ్రా అనే సొంత క్లబ్బు తెరిచి అందులో చుక్క మద్యం అమ్మలేదు. అది ఎక్కువకాలం నడవకుండానే మూతపడింది, ఆయన మాత్రం కొన్నేళ్ల విరామం తర్వాత మళ్ళీ పియానో అందుకున్నారు. ఇస్లాం స్వీకరించిన సాక్సఫోన్ కళాకారుడు యూసెఫ్ లతీఫ్ కూడా 1980లో, మద్యం అమ్మేచోట ఇక వాయించనని తేల్చి చెప్పారు. మా ఫిలడెల్ఫియావాడైన పియానిస్టు మెకాయ్ టైనర్ 17-18 ఏళ్ల వయసులో ముస్లిం అయ్యారు. కుర్రతనంలో ఆయన సాధన తల్లి నడిపిన బ్యూటీ పార్లర్‌లోని పియానో మీద సాగింది.

ఫిలడెల్ఫియాలోని జర్మన్‌టౌన్ పేటలో మా వీధి చివర, అరవై దాటిన పియానిస్టు ఒకాయన ఉన్నారు. ఆయన ఇస్లాం స్వీకరించినవారు, తల్లి బాప్టిస్టు చర్చి గాయని. ఒక రంజాన్ సాయంత్రం నన్ను ఇఫ్తార్‌కు పిలిచారు. తరతరాలుగా పందికాలు వేసి ఉడికించే కొలార్డ్ ఆకుకూరను ఆవిడ కొడుకు కోసం పొగబెట్టిన టర్కీ మెడతో వండి, మూత తీసి ఆ ఎముకను గరిటెతో పైకెత్తి నాకు చూపించారు. ఖర్జూరంతో రోజా విరమించి, మగ్రిబ్ నమాజు చదివి, భోజనాలయ్యాక ఆయన పియానో ముందు కూర్చుని ఆవిడ చర్చిపాట అందుకున్నారు. ఆవిడ బల్లమీద తాళం వేస్తూ పాడారు. సంగీతం హరామని నమ్మే ఇరవయ్యేళ్ల మనవడు లేచి వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నెలు సింకులో పేర్చాడు గాని, నాయనమ్మ పాడుతున్నంతసేపూ కుళాయి తిప్పలేదు. త్యాగరాజ కీర్తనలను నాదస్వరం మీద వాయించి 1998లో సంగీత కళానిధి అయిన కరవది షేక్ చినమౌలానా గారి గురించి వింటూ పెరిగిన నాకు ఆ ఇంట్లో ఏదీ వింతగా తోచలేదు.

జాజ్ మీద రాసేవాళ్ళు కళాకారుల హెరాయిన్ వ్యసనానికి పేజీలు కేటాయించి ఇంటిని ఒక్క వాక్యంతో సరిపెట్టడం నాకు బాధ కలిగిస్తుంది. సాక్సఫోన్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్ ముస్లిం కాదు, కానీ ఆయన భార్య నయీమా ఇస్లాం స్వీకరించిన మనిషి. 1957లో ఇక్కడి నార్త్ 33వ వీధి ఇంట్లో ఆయన ఆ మత్తు వదిలించుకుంటున్నప్పుడు పక్కన నిలబడ్డది ఆ ముస్లిం భార్య, క్రైస్తవురాలైన తల్లి. 1959లో రికార్డు చేసిన ‘జెయింట్ స్టెప్స్’ ఆల్బంలో ఒక బాణీకి నయీమా పేరు, మరొకదానికి ఆమె కూతురు సయీదా పేరు పెట్టారు. ఆ ఇంటికి 1999లోనే జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు ఇచ్చి, ఏళ్ల తరబడి మరమ్మతు లేకుండా వదిలేశారు. న్యూయార్క్ క్లబ్బుల ముందు ఫొటోలు దిగే జాజ్ అభిమానులు ముందు ఆ ఇంటి కప్పు సంగతి అడగాలి.