కీప్యాడ్ ఫోనుకు మారే ముందు

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

టచ్ ఫోను పక్కన పెట్టేసి కీప్యాడ్ ఫోనుతోనే ఉంటానన్నావని అక్క చెప్పింది. అర్ధరాత్రి దాకా కళ్లు పాడుచేసుకోవడం మానాలనుకున్నావు, చాలా సంతోషం. నీ ఈడు పిల్లలు అంత గట్టిగా అనుకోవడమే గొప్ప. కానీ విన్న దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. టచ్ ఫోను లేకపోయినా రోజు గడుస్తుంది. నంబరు పోతే మాత్రం బ్యాంకు, గ్యాసు, ఆధార్ అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి.

కొనేటప్పుడు 4జీ వోల్టే, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే వీలు, ఉన్న కీప్యాడ్ ఫోనే అడుగు. జియోకు 2జీ లేదు, ఆ సిమ్ము పాత రకం ఫోనులో వేస్తే సిగ్నలే రాదు. నీది నానో సిమ్ము. కీప్యాడ్ ఫోన్లలో చాలావాటికి సిమ్ము అర పెద్దది కాబట్టి షాపులో ప్లాస్టిక్ అడాప్టర్ ఇస్తారు. సిమ్ము అందులో పెట్టి వెనకవైపు సన్నటి టేపు ముక్క అంటించు. లేకపోతే తీసేటప్పుడు సిమ్ము జారిపోయి ఖాళీ అడాప్టర్ లోపలి పిన్నులకు తగులుకుంటుంది. గట్టిగా లాగితే పిన్ను వంగిపోతుంది, ఇక ఏ సిమ్ము వేసినా ఫోను గుర్తించదు.

పేర్లు, నంబర్లు నోట్‌బుక్కులో రాసుకో. వాట్సాప్ 120 రోజులు వాడకపోతే ఖాతా తీసేస్తారు, ఫొటోలు ముందే కంప్యూటర్లోకి ఎక్కించుకో.

ఇక అసలు సంగతి మీ ఇంట్లో జరిగిందే. నువ్వప్పుడు చిన్నదానివి. బావ కువైట్ వెళ్లేనాటికి ఇంటికంతటికీ ఒకటే ఫోను. అక్క బ్యాంకు ఖాతాకు, గ్యాసుకు, ఆధార్‌కు బావ నంబరే ఇచ్చారు. అక్కడికెళ్లాక ఆయన కొత్త సిమ్ము తీసుకున్నాడు. పాతదాన్ని కాగితంలో మడిచి బీరువాలో పట్టుచీరల కింద పెట్టి, భద్రంగా ఉందనుకున్నారు. ప్రీపెయిడ్ నంబరు మీద 90 రోజులు కాల్, మెసేజ్, నెట్ ఏదీ నడవకపోతే కంపెనీ ఆపేయొచ్చు. బ్యాలెన్సు 20 రూపాయలుంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు నడుపుతారు. ఆపేశాక 90 రోజులు దాటితే ఆ నంబరు వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. ఇచ్చేశారు కూడా. అక్క డబ్బు తీసినప్పుడల్లా మెసేజ్ ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్లింది. ఓటీపీలూ అతనికే. ఆ మనిషి మంచివాడు కాబట్టి సరిపోయింది.

సరిచెయ్యడానికి ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లింది అక్క. కొబ్బరి పీచు పనిలో వేళ్ల గీతలు అరిగిపోయి, మిషను మీద పడలేదు. చేతులు కడుక్కుని, చెంగుతో తుడుచుకుని, మళ్లీ మళ్లీ నొక్కింది. ఆ వెలుగు మీద వణికే బొటనవేలు ఇప్పటికీ నా కళ్లల్లోనే ఉంది. చివరికి కంటిపాప స్కాన్ చేస్తేగాని పనవలేదు. తర్వాత పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకుకు, అక్కణ్ణుంచి గ్యాసు ఏజెన్సీకి. కొత్త ఆఫరొచ్చిందని నువ్వు నంబరు మార్చావో, చెంపలు వాయిస్తాను. ఉన్న నంబరే ఉంచుకో. రీఛార్జి గడువు తేదీ క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో రాసి పెట్టు.

ఓటీపీ మామూలు మెసేజే కాబట్టి కీప్యాడ్ ఫోనుకూ వస్తుంది. కాకపోతే చిన్న ఫోన్లలో ఇన్‌బాక్స్ త్వరగా నిండిపోతుంది. నిండాక కొత్త మెసేజ్ లోపలికి రాదు, నువ్వేమో బ్యాంకువాళ్లను తిడుతూ కూర్చుంటావు. ఆదివారం ఆదివారం పాత మెసేజ్‌లు తీసెయ్యి. నెట్ లేకుండా డబ్బు పంపాలంటే స్టార్ 99 హ్యాష్ కొట్టు. మొదటిసారి బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడులో మొదటి నాలుగు అక్షరాలు, డెబిట్ కార్డు చివరి ఆరంకెలు, గడువు తేదీ అడిగి పిన్ పెట్టిస్తుంది. ఒక విడతకు 5000 రూపాయలే. కొన్ని సిమ్ములకు ఈ మెనూ రాదు, టచ్ ఫోను చేతిలో ఉండగానే పది రూపాయలు పంపి చూసుకో. కుల, ఆదాయ సర్టిఫికెట్లకు వాట్సాప్‌లో ప్రభుత్వం నడిపే 'మన మిత్ర' లేకపోయినా ఊళ్లో సచివాలయం ఉంది.

నా భయం తుఫాను గురించే. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ ఏమైపోయిందో అక్కనడుగు. కరెంటు పోయాక టవరు కొంతసేపు బ్యాటరీ మీద, తర్వాత డీజిలు మీద నడుస్తుంది. రోడ్లు మునిగితే ఆ డీజిలూ అందదు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఆపేస్తే నేను నర్సాపురం ఒడ్డున నిలబడి చూడ్డం తప్ప చేసేదేముంది? అందుకే తుఫాను అనగానే రెండు ఫోన్లూ ఫుల్లుగా ఛార్జింగు పెట్టు. కాల్ కలవనప్పుడు కూడా మెసేజ్ వెళ్లే అవకాశం ఉంటుంది, ఒక్క ముక్క పంపు. కీప్యాడ్ ఫోను రేడియోకు చాలావాటిలో ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్, ఆ వైరు పారెయ్యకు.

టచ్ ఫోను అమ్మెయ్యకు తల్లీ. సగం ఛార్జింగుతో ఆపేసి దాచు, నెలకోసారి తీసి ఎక్కించు. వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే మళ్లీ ఛార్జింగు పెట్టకు.

సిమ్ము మార్చగానే ఒకసారి ఫోన్ చెయ్యి, అక్క చేత కూడా మాట్లాడించు.

మీ మావయ్య