వంట చేస్తుంటే కంగారు పెరుగుతోందా?

ప్రశ్న: సాయంత్రమయ్యేసరికి గుండె దడ, ఏదో ముంచుకొస్తోందన్న భయం. వంట చేస్తే మనసు తేలికపడుతుందన్నారని వీడియోలు చూసి మొదలుపెట్టాను. కంగారు తగ్గకపోగా రెట్టింపైంది. ఒక గిన్నె మాడుతుంది, రెండోది ఉడకదు. లోపం ఎక్కడుంది?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు ఎంచుకున్న వంటల్లోనే ఉంది. రెండు పొయ్యిలు, కొత్త వంటకం, ఆపి ఆపి చూడాల్సిన వీడియో... ఆందోళన లేనివాళ్లకైనా చెమటలు పట్టిస్తాయివి. మనసు కుదుటపడటానికి చేసే వంటకు ఒకటే గిన్నె చాలు. చేతికి పని ఆగకుండా ఉండాలి, రెండు నిమిషాలు అటూ ఇటూ అయినా చెడిపోకూడదు. ఉల్లిపాయల సూప్ అందుకు బాగా పనికొస్తుంది.

మధ్యస్థంగా ఉన్న ఉల్లిపాయలు నాలుగు తీసుకోండి. కోసే పలక కింద తడిబట్ట వేస్తే అది జారదు. పదునైన కత్తే వాడండి. మొద్దు కత్తి ఉల్లిని కోయడం కన్నా నలపడమే ఎక్కువ, కళ్ల మంటా ఎక్కువే. ఎడమచేతి వేళ్ల కొసలు లోపలికి మడిచి, సన్నని చీలికలుగా కోయండి. మందపాటి వెడల్పు గిన్నెలో రెండు పెద్ద చెంచాల నూనె, ఉల్లి, పావు చెంచా ఉప్పు వేసి సన్న సెగ మీద పెట్టండి.

మొదటి పది, పదిహేను నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఉల్లిలో ఎక్కువ భాగం నీరే. ఆ నీరు ఇగిరేదాకా గిన్నెలో వేడి 100 డిగ్రీలు దాటదు, రంగూ రాదు. చాలామంది ఓపిక పట్టలేక సెగ పెంచేది ఇక్కడే. అంచులు నల్లబడతాయి, మధ్యలో పచ్చిగానే ఉంటుంది. సెగ జోలికి పోకుండా కలుపుతూ ఉండండి. ఘాటు పోయి తీపి వాసన మొదలవుతుంది, చిటపటల శబ్దం మారుతుంది. అడుగంటితే చెంచాడు నీళ్లు పోసి గోకండి, రుచంతా అక్కడే ఉంటుంది. మొత్తం 40 నిమిషాలకు ముదురు గోధుమరంగు వస్తుంది. అప్పుడు ముప్పావు లీటరు నీళ్లు, కొద్దిగా మిరియాల పొడి వేసి పావుగంట మరగనిస్తే సరి.

మధ్యలో మనసు పదిసార్లు భయాల వైపు పోతుంది, పోనివ్వండి. గమనించిన ప్రతిసారీ ఉల్లి రంగు దగ్గరికి తిరిగి తెచ్చుకోవడమే ఇందులో అసలు సాధన. సూప్ రుచి తర్వాతి సంగతి.

ఇంకోమాట. పొయ్యి వేడికి ఎవరికైనా చెమట పడుతుంది, గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. ఆకలితో ఉంటే చేతులు వణుకుతాయి. మీరు వాటినే ఆందోళన అనుకుని బెదిరే వీలుంది. ముందు కిటికీ తెరవండి, ఏదైనా కాస్త తిన్నాకే మొదలుపెట్టండి. నిజంగానే భయం ఉద్ధృతమైతే కత్తి కింద పెట్టి, స్టవ్ ఆపి, కూర్చోండి. వంట ఆగితే కొంప మునిగేదేం లేదు.

ప్రశ్న: వంటయ్యాక స్టవ్ కట్టేశానా లేదా అని పదేపదే వెళ్లి చూస్తుంటాను. ఎలా మానుకోవాలి?

జవాబు: ఎన్నిసార్లు చూస్తే అనుమానం అంతగా ముదురుతుంది. ఒకే పని పదేపదే చేసేసరికి ఏ చూపు ఎప్పటిదో తెలియకుండా కలగాపులగమై, జ్ఞాపకం మీద నమ్మకం సడలుతుంది. నాబ్ తిప్పేటప్పుడే నిలబడి, మంట ఆరడం కళ్లారా చూసి, వెళ్లిపోండి. మళ్లీ చూడాలనిపిస్తే చూడకుండా ఆ ఇబ్బందిని భరించండి. మొదట పెరుగుతుంది, తర్వాత దానంతటదే తగ్గుతుంది. ఇలాంటి తనిఖీలకు రోజూ గంటకు పైగా పోతుంటే మాత్రం మానసిక వైద్యుల్ని కలవండి. దానికి మంచి చికిత్స ఉంది.

ప్రశ్న: ఆందోళనకు మాత్రలు వాడుతున్నాను. వంటతో ఉపశమనంగా ఉంది కాబట్టి వాటిని ఆపేయొచ్చా?

జవాబు: వద్దు. వంట చికిత్సకు తోడు మాత్రమే. కొన్ని మాత్రలు హఠాత్తుగా మానేస్తే ఆందోళన తిరగబెడుతుంది, నిద్ర చెడుతుంది. తగ్గించాలంటే డాక్టరు చెప్పిన పద్ధతిలో మెల్లగా తగ్గించాలి. కొత్త మాత్ర మొదలైనప్పుడు మగతగా ఉంటే, అది ఎంతసేపు ఉంటోందో తెలిసేదాకా కత్తికీ మరిగే నూనెకీ దూరంగా ఉండండి.