వర్క్‌షాపు ముచ్చట్లు: వాటర్‌జెట్ కొనాలా, ప్లాస్మా కొనాలా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మిర్యాలగూడలో రైస్‌మిల్లుల మధ్యన నాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. హాపర్లు, చూట్లు, ఎలివేటర్ బాడీలు, ఫ్లాంజీలు చేస్తాం. ఇన్నాళ్లూ గ్యాస్ కటింగ్, చేతి ప్లాస్మాతోనే (కరెంటుతో మండించిన గాలి ధారతో లోహాన్ని కరిగించి కోసేది) నెట్టుకొచ్చాను. ఇప్పుడు బ్యాంకు లోను వచ్చేలా ఉంది. వాటర్‌జెట్ (నీటి ధారతో కోసే మిషన్) అమ్మడానికి వచ్చినాయన “ఇనుము, గ్రానైటు, గాజు, రబ్బరు ఏదైనా కోస్తుంది, ఇదొక్కటి ఉంటే చాలు” అంటున్నాడు. గుడి నేలకు గ్రానైటులో పద్మాలు పొదిగే ఆర్డర్లు కూడా రెండు వచ్చాయి. కొనమంటారా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ, ఆయన చెప్పింది నిజమే. వాటర్‌జెట్ దాదాపు అన్నిటినీ కోస్తుంది. కానీ నీ షెడ్డుకు రోజూ వచ్చే పనేమిటో ఆయన అడగలేదు. గడిచిన మూడు నెలల బిల్లు పుస్తకం తీసి ఒక్కో పని పక్కన ఏ లోహం, ఎంత మందం అని రాసుకో. నువ్వు చెప్పిన పనులను బట్టి చూస్తే అందులో ఎక్కువ భాగం 2 నుంచి 6 మిల్లీమీటర్ల ఎం.ఎస్. (మామూలు మెత్తటి ఇనుము) షీటే తేలుతుంది. ఆ పనికి వాటర్‌జెట్ పెడితే నీకు మిగిలేది ఏమీ ఉండదు.

ఎందుకో లెక్క చూడు. లారీ టైరులో గాలి 100, 120 పీఎస్ఐ ఉంటుంది కదా. ఈ మిషన్‌లో నీటిని దాదాపు 60,000 పీఎస్ఐకి తెస్తారు. అందుకు సాధారణంగా 50 హెచ్‌పీ పంపు వాడతారు, కరెంటు బిల్లు అక్కడే మొదలవుతుంది. ఉత్త నీళ్లు రబ్బరునూ ఫోమునూ కోస్తాయి గానీ ఇనుమును కోయాలంటే గార్నెట్ ఇసుక కలపాలి. నిమిషానికి 300, 400 గ్రాములు పోతుంది. గంటకు 20 కిలోలే అనుకున్నా 8 గంటల కోతకు 160 కిలోలు. అంటే పాతిక కిలోల బస్తాలు ఆరు దాటతాయి. వాడేసిన ఇసుకంతా తొట్టిలో బురదై కూర్చుంటుంది, దాన్ని తోడి పారబోయడానికి మళ్లీ కూలి. ఇంతా చేస్తే, 3 మిల్లీమీటర్ల షీటును లేజర్ నిమిషానికి మీటర్ల లెక్కన కోస్తుంటే, ఇది సెంటీమీటర్ల లెక్కన కోస్తుంది. మిల్లు ఓనరు వరికోతల ముందు తొందర పెడుతుంటే ఆ వేగంతో నువ్వు వేగలేవు.

వాటర్‌జెట్ విలువ తెలియక అంటున్నానని అనుకోకు. వేడి లేని కోత ఎంత మేలో నాకు దెబ్బ తగిలి తెలిసింది. మహబూబ్‌నగర్‌లో నేను పనిలో చేరిన కొత్తలో 25 మిల్లీమీటర్ల ఈఎన్-8 రకం స్టీలు ప్లేటును గ్యాస్‌తో రింగులుగా కోసి, అంచుకు దగ్గరగా రంధ్రాలు వేయబోయాం. డ్రిల్ బిట్ కీచుమని అరిచింది తప్ప లోపలికి దిగలేదు. తీసి చూస్తే మొన నీలం రంగుకు తిరిగి ఉంది. నాలుగు బిట్లు అలాగే పోయాయి. మంటకు కాగి, గబుక్కున చల్లారి అంచు గట్టిపడిపోయిందని మేస్త్రీ చెప్పాక, రింగులను ఎర్రగా కాల్చి బూడిదలో పూడ్చి రాత్రంతా ఆరనిచ్చాం. పొద్దున బిట్ వెన్నలో దిగినట్టు దిగింది. అలాంటి స్టీలుకూ, మందపాటి అల్యూమినియానికీ, వంపులున్న రాయికీ వాటర్‌జెట్‌ను మించింది లేదు.

నీ పనికి మాత్రం నా సలహా సీఎన్‌సీ ప్లాస్మా టేబుల్, అంటే కంప్యూటరులోని డ్రాయింగును బట్టి తనే కదిలి కోసేది. ఎం.ఎస్., ఎస్.ఎస్. (స్టెయిన్‌లెస్ స్టీలు) రెండూ కోస్తుంది. గ్యాస్‌తో ఎస్.ఎస్. తెగదని నీకూ తెలుసు. క్రోమియం ఆక్సైడు పొర అంత సులువుగా కరగదు, ఆక్సిజన్‌ను లోపలి ఇనుముకు తగలనివ్వదు. ప్లాస్మాతో కోసిన ఎస్.ఎస్. అంచున మిగిలే నలుపును మాత్రం పూర్తిగా గ్రైండ్ చేయించు. బియ్యం తగిలే చోట అదే ముందు తుప్పు పడుతుంది. మరీ మందపాటి ఎం.ఎస్.కు గ్యాస్ ఉండనే ఉంది. లేజర్ కోత ఇంకా నున్నగా వస్తుంది కానీ మీ దగ్గర గాలి నిండా ఊక దుమ్ము, తవుడు. లెన్సు మీద ఆ దుమ్ము పడితే కాలిపోతుంది. మూసిన గది, మిషన్‌ను చల్లబరిచే చిల్లర్, నిలకడైన కరెంటు కుదిరిన రోజున దాని గురించి ఆలోచిద్దాం.

పద్మాల ఆర్డర్లు వదులుకోవద్దు. డ్రాయింగు చేయించి హైదరాబాద్‌లో వాటర్‌జెట్ జాబ్ వర్క్‌కు ఇవ్వు. తిన్నని గీతలన్నీ డైమండ్ బ్లేడు బ్రిడ్జి కటర్ మీద కోయించి, రేకుల వంపులకే వాటర్‌జెట్ పెట్టు, ఖర్చు బాగా దిగుతుంది. ముక్క చేతికొచ్చాక అంచు మీద వేలు పెట్టి చూడు. పైన నున్నగా ఉండి, కిందికి పోయేకొద్దీ వాలుగా గీతలు తగిలితే తొందరపడి కోశారన్నమాట. అంచు ఏటవాలైతే పొదిగినప్పుడు సందులు కనపడతాయి. నెమ్మదిగా కోయమని ముందే మాట్లాడుకో.

ఇలాంటి ఆర్డర్లు నెలనెలా వచ్చి, వాటర్‌జెట్ కొనే రోజు వస్తే, కొటేషన్ కన్నా ముందు నీళ్లు పరీక్ష చేయించు. నల్లగొండ బోరు నీళ్ల సంగతి నీకు చెప్పాలా! ఫ్లోరైడ్ తీయడానికి పటికతో చేసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మన జిల్లా పేరే పడింది. మిషన్‌కు పడనిది నీటిలోని సున్నం, లవణాలు, సిలికా. నీళ్లు బయటికొచ్చే రంధ్రం మిల్లీమీటరులో మూడో వంతు. దాన్ని కెంపులోనో నీలంలోనో వజ్రంలోనో చేస్తారు. దాని అంచున సున్నం పేరితే ధార చెదిరి, కింది నాజిల్ ఒకవైపే అరిగి, కోత వంకర పోతుంది. సాఫ్ట్‌నర్ సున్నాన్ని తీస్తుంది గానీ టీడీఎస్‌ను, అంటే నీటిలో కరిగిన మొత్తం లవణాలను, తగ్గించదు. అది ఎక్కువగా ఉంటే ఆర్వో తప్పదు. సాగర్ కాలువ నీళ్లు దొరికితే వాటినీ పరీక్షకు ఇవ్వు.

ఇంకొక్క మాట. ఆ ధార కింద చేయి పడితే పైకి సూది గుచ్చినంతే కనపడుతుంది కానీ నీళ్లూ ఇసుకా కండ లోపలికి దూరి ఉంటాయి. కట్టు కట్టి ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయి, హై ప్రెషర్ నీళ్ల దెబ్బ అని డాక్టరుకు చెప్పాలి. నీ దగ్గర పనిచేసే పిల్లలకు ఈ సంగతి ఇప్పుడే చెప్పు. జాబ్ వర్క్‌కు పోయినప్పుడు వాళ్లే కదా మిషన్ పక్కన నిలబడేది.

ప్రశ్న: మెట్ల రెయిలింగుకు టఫెన్డ్ గాజు తెప్పించాం. పావు అంగుళం పొడవు ఎక్కువైంది. వాటర్‌జెట్‌తో అయినా కోయించవచ్చా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: వద్దమ్మా, ఏ మిషన్‌తోనూ తెగదు. ఆ గాజును 600 డిగ్రీలు దాటేలా కాల్చి, గాలి కొట్టి గబుక్కున చల్లార్చుతారు. పై పొర బిగుసుకుని, లోపలి భాగం లాగబడుతూ ఉంటుంది. ఎక్కడ కోత పడినా మొత్తం పలుకులై రాలిపోతుంది. కొలతలు, రంధ్రాలు అన్నీ టఫెన్ చేయకముందే కావాలి. ఫ్రేమును పావు అంగుళం జరపడం కుదురుతుందేమో ముందు వెల్డర్‌ను అడగండి. కుదరక కొత్తది చేయించాల్సి వస్తే, ఈసారి గాజు షాపు వాళ్లనే ఇంటికి పిలిచి కొలత తీయించండి. ఆ కొలతను బిల్లు మీద రాయించి సంతకం పెట్టించుకోండి.