ఇజ్రాయెల్ యాత్రకు హీబ్రూ ఎంత నేర్చుకోవాలి?

అమ్మానాన్నలతో పవిత్ర భూమి యాత్రకు వెళ్తున్నామని, బృందం తిరిగి వెళ్లిపోయాక రెండు రోజులు సొంతంగా జెరూసలేం, తెల్ అవీవ్ చూస్తామని రాశారు. యాప్‌లో ఉన్న వంద హీబ్రూ వాక్యాల్లో ఏవి కంఠస్థం చేయాలని అడిగారు. నేను తెల్ అవీవ్‌ను ఆనుకుని ఉన్న రమత్ గాన్‌లో ఒక పెద్దావిడను చూసుకునే పనిలో కొన్నేళ్లు ఉన్నాను. ఆవిడకు ఇంగ్లీషు రాదు. కాబట్టి నాకు హీబ్రూ వంటింట్లో, మందుల షాపులో, బస్సులో వచ్చింది తప్ప పుస్తకంలో కాదు.

నా సలహా ఒక్కటే. ఆ వంద వాక్యాలు పక్కన పెట్టి, జవాబులు నేర్చుకోండి. ప్రశ్న అడగడం ఎవరికైనా వస్తుంది. 'కమా జె ఒలె?' అంటే ఇది ఎంత అని. బాగానే అడుగుతారు. అవతలివాడు మీకు హీబ్రూ వచ్చనుకుని గడగడా 'ఎస్రీమ్ వె ఖమేష్' అంటాడు. ఇరవై అయిదు అని తెలియకపోతే అడిగి ఏం లాభం? అందుకే ముందు ఒకటి నుంచి పది దాకా అంకెలు: అఖాత్, ష్తాయిమ్, షలోష్, అర్బా, ఖమేష్, షేష్, షేవా, ష్మోనే, తేషా, ఎసెర్. ఆపైన ఎస్రీమ్ ఇరవై, ష్లోషీమ్ ముప్ఫై, ఖమిషీమ్ యాభై, మేఆ వంద. ఇవి చెవికి పట్టాలంటే తెల్ అవీవ్‌లోని కర్మెల్ మార్కెట్‌కు శుక్రవారం మధ్యాహ్నం వెళ్లండి. సాయంత్రం మొదలయ్యే సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం, లోపల సరుకు వదిలించుకోవాలని పళ్ల వాళ్లు 'ఎసెర్, ఎసెర్, రక్ ఎసెర్!' అని గొంతు చించుకుంటారు. పదే, పది షెకెళ్లే (అక్కడి డబ్బు) అని. అంతకంటే మంచి పాఠశాల నాకు తెలియదు.

దారి అడగడమూ అంతే. 'ఎయ్‌ఫో హ షెరుతీమ్?' అంటే టాయిలెట్ ఎక్కడ అని. పెద్దవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి రోజుకు నాలుగుసార్లు పనికొస్తుంది. జవాబులో మీరు పట్టుకోవాల్సినవి మూడే: యమీనా కుడికి, స్మోలా ఎడమకు, యషార్ తిన్నగా.

ఐదు వేళ్ల కొసలూ కలిపి పైకి చూపిస్తూ చేతిని కాస్త ఆడించడం అక్కడ తరచూ చూస్తారు. మన దగ్గర అదే చేతిని నోటి దాకా తీసుకెళ్తే తిన్నారా అని అడిగినట్టు. అక్కడ మాత్రం 'రెగా', ఒక్క నిమిషం ఆగు అని. కోపం కాదు. గొంతు పెంచి మాట్లాడినా చాలాసార్లు కోపం ఉండదు. మన 'గారు', 'మీరు' లాంటివి ఆ భాషలో వెతకకండి. ఎనభై ఏళ్ల పెద్దాయననైనా 'అతా' అనే అంటారు, ఆడవాళ్లను 'అత్' అంటారు. నాకు ఇది అలవాటవడానికి చాలా కాలం పట్టింది.

మగ, ఆడ తేడా క్రియలోనూ ఉంటుంది. నాకు కావాలి అనడానికి మీ నాన్నగారు 'అని రొత్సే' అనాలి, అమ్మగారు 'అని రొత్సా' అనాలి. హిందీలో చాహతా, చాహతీ వచ్చినవారికి ఇది కొత్త కాదు.

ఉచ్చారణలో తెలుగువాళ్లకు ఒక లాభం ఉంది. ఇంగ్లీషువాళ్లు తంటాలు పడే 'త్స' మనకు చాప, చుక్క అనేటప్పుడు దానంతటదే వస్తుంది. 'ఖ' మాత్రం ఖర్జూరం లాగా పలకకూడదు. హైదరాబాదులో ఉర్దూ మాట్లాడేవాళ్లు ఖాన్ అనేటప్పుడు గొంతులో రాపిడి వినిపిస్తుంది కదా, అది. ఊనిక ఎక్కువగా చివరి అక్షరం మీద పడుతుంది: తోదా (ధన్యవాదాలు), స్లిఖా (క్షమించండి, కాస్త జరగండి), బెవకషా (దయచేసి, ఇదిగో తీసుకోండి, పరవాలేదు, అన్నింటికీ ఇదే).

తిండి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కోషర్ హోటళ్లలో, అంటే యూదుల ఆహార నియమాలు పాటించే చోట, మాంసం, పాలు కలవవు. చికెన్ తిన్నాక నాన్నగారు పెరుగన్నం కోసం చూస్తే దొరకదు, పాలు పోసిన టీ కూడా రాదు. 'బసరీ' అంటే మాంసం వడ్డించే చోటు, 'ఖలవీ' అంటే పాల పదార్థాల చోటు. లోపలికి వెళ్లే ముందే అడగండి. 'తే ఇమ్ ఖలావ్' అంటే పాలతో టీ, కానీ మన చాయ్‌ని ఊహించుకోకండి. వేడి నీళ్లలో టీ సంచీ ముంచి, పైన కాసిని పాలు పోస్తారు. మాంసం వద్దనుకుంటే 'బ్లీ బసార్' అనండి. ఫలాఫెల్ (శనగల వడలు) బండి దగ్గర 'ఖరీఫ్?' అని అడిగితే కారం వేయాలా అని. మొహమాటం లేకుండా 'కెన్' అనండి, అంటే అవును. వద్దంటే 'లో'.

మీరు క్రైస్తవులైతే ఇంకొక మాట. మన తెలుగు బైబిల్లో, పాటల్లో యెహోవా అని ధారాళంగా అంటాం. యూదులు ఆ పేరు పలకరు, 'హషేమ్' అంటారు. జెరూసలేంలో యూదులు ప్రార్థన చేసే పశ్చిమ గోడ దగ్గర, వాళ్ల మాటలో కోతెల్, బృందంతో ఉన్నప్పుడు గట్టిగా ఆ పేరు పాడకపోవడం మర్యాద. ఆమేన్, హల్లెలూయా మాత్రం ఇద్దరికీ ఒకటే.

శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా సబ్బాతు కాబట్టి చాలా ఊళ్లలో బస్సులు, రైళ్లు ఉండవు. మీ సొంత రెండు రోజులు అందులో పడకుండా చూసుకోండి. ఆదివారం మామూలు పనిదినమే, పేరే 'యోమ్ రిషోన్', మొదటి రోజు.

చివరగా, మీ యాత్రలో సగం చోట్ల హీబ్రూ కంటే అరబ్బీ ఎక్కువ అక్కరకొస్తుంది. నజరేతు అరబ్బుల పట్టణం, బేత్లెహేము పాలస్తీనా పాలనలో ఉంది, జెరూసలేం పాత నగరంలో యాత్రికులు తిరిగే బజారులో చాలామంది దుకాణదారులు అరబ్బులే. అక్కడ తోదా కాకుండా 'షుక్రన్' అనండి. షుక్రియా తెలిసిన చెవికి అది పరిచయమే. వాళ్లు 'అఫ్వన్' అంటే పరవాలేదని.